ఆ ఇంట్ల నీళ్ళు తాగినవా?

మొన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బాలు కడుక్కుని వచ్చి కూర్చున్నాక, మా స్కూల్లో హిందీ చెప్పే అమ్మాయి నా పక్కకు కుర్చీ జరుపుకుంది. మధిర నుంచి సంబంధం వచ్చిందట. వచ్చే ఆదివారంలోగా మాట చెప్పాలట. "అక్కా, నా గురించి కొంచెం ప్రార్థన చెయ్యవా? దేవుని చిత్తమేందో నాకు అర్థమైతలేదు" అంది. సరే అని తలూపి ఊరుకోవడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"ఆ ఇంట్ల నీళ్ళు తాగినవా?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. నాకూ వింతగానే ఉంది. ఆ మాట నాది కాదు. ఖమ్మంలో ఉద్యోగానికి వచ్చాక నా యాస కూడా కొంత మారింది కానీ, ఆ మాట మణుగూరు యాసలోనే వచ్చింది, అన్న మనిషి గొంతుతో సహా. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక నేనూ ఆ హిందీ టీచరూ మధిర బస్సెక్కుతున్నాం. ఈలోగా పాత డైరీలు తీసి ఇది రాసుకుంటున్నాను.

మణుగూరు దగ్గర మా బొగ్గుగనుల కాలనీలో అందరూ ఆమెను ప్రార్థనమ్మ అనేవాళ్ళు. ఆమెకు పేరు లేక కాదు. మా చర్చి సంఘం రిజిస్టరులో ఉంది. కానీ ఇక్కడ రాయను. క్రిస్మస్ కార్యక్రమంలో ఎవరైనా వేదిక మీది నుంచి ఆ పేరు చదివితే ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని పక్కవాళ్ళ వెనక దాక్కునేది. పోయిన మనిషిని మళ్ళీ అలా దాక్కోనివ్వడం ఎందుకు?

కాలనీ ప్రహరీ దాటి, వాగు అవతల గూడెం చివర ఆమె ఇల్లు. పొద్దున గంజి తాగి నల్లగొడుగు చంకలో పెట్టుకుని బయలుదేరేది. ఎండకీ వానకీ ఆ గొడుగు తెరవడం నేను పెద్దగా చూడలేదు. దారిలో కుక్కలు వస్తే అదిలించడానికి, బస్సు ఆపడానికి, చెట్టు మీది తునికి పండ్లు రాల్చడానికి పనికొచ్చేది. ఎండాకాలంలో ఆమె వస్తే కొంగు ముడిలో తునికి పండ్లు ఉండేవి. ఆ పసుపు రంగు గుజ్జు తిని గింజలు చేతిలో పెట్టుకుని ఎక్కడ పారెయ్యాలో తెలియక కూర్చునేదాన్ని నేను. "మింగకు, కడుపుల చెట్టు మొలుస్తది" అనేది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు.

ఎవరింటికి వెళ్ళినా గుమ్మం ముందు చెప్పులు విడిచి, వంగి, వాటిని దారివైపు తిప్పి పెట్టేది. మళ్ళీ వెళ్ళాల్సినదాన్నే కదా అన్నట్టు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని మొదట అడిగేది ప్రార్థన కాదు, నీళ్ళు. "జరన్ని నీళ్ళియ్యి బిడ్డా." గ్లాసు అందుకున్నాక వెంటనే తాగేది కాదు. ఇచ్చినవాళ్ళ ముఖం ఒకసారి చూసేది. ఆ చూపు ఎందుకో చాలాకాలం నాకు తెలియదు. ముసలివాళ్ళకు చూపు ఆనక అలా పరీక్షగా చూస్తారనుకునేదాన్ని.

నాకూ ఆమెకూ దోస్తీ చదువు వల్ల కుదిరింది. ఆమెకు అక్షరాలు వచ్చు, కానీ సన్నక్షరాలు కనపడవు. వారానికి రెండుసార్లు మా ఇంటికి వచ్చి నా చేత బైబిలు వాక్యం చదివించుకునేది. నా గొంతు నాకే వినపడనంత చిన్నది. కాలేజీలో హాజరు పలికితే లెక్చరర్లు రెండోసారి పిలిచేవాళ్ళు. నేను గ్రంథం ముఖానికి అడ్డం పెట్టుకుని గొణుగుతుంటే ఆమె గొడుగు మొనతో నేల మీద తట్టేది. "గట్టిగ సదువు. దేవునికి కాదు, నాకు వినపడాలె." ఒక వాక్యం నచ్చితే ఇక రెండోది చదవనిచ్చేది కాదు. దాన్నే మూడుసార్లు చదివించుకుని, "ఇయ్యాల్టికి ఇది సాలు" అని లేచేది. ఆ రోజు వాగు దాటేదాకా దాన్నే పెదవుల మీద తిప్పుకుంటూ నడిచేదని అమ్మ చెప్పేది.

జనం ఆమె దగ్గరికి ముఖ్యంగా నిర్ణయాల కోసం వచ్చేవాళ్ళు. బోరు ఎక్కడ వెయ్యాలి, పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్చాలా వద్దా, ఆపరేషన్ ఇక్కడి దవాఖానాలోనా హైదరాబాదులోనా. "ప్రార్థనలో పెట్టి దేవుడేమంటడో చెప్పమ్మా" అని అడిగేవాళ్ళు. ఆమె ప్రార్థన చేసేది. దేవుడేమన్నాడో మాత్రం చెప్పేది కాదు. ఎంత అడిగినా చెప్పేది కాదు. దాంతో కొందరికి విసుగు. పక్క మండలంలో ఒక ప్రార్థనాపరుడు ఉన్నాడు, ఆయన తల మీద చెయ్యి పెట్టి అప్పటికప్పుడే అవునో కాదో చెప్పేస్తాడని పేరు. ఒకసారి ఎవరో ఆ మాట ఆమె ముందే అన్నారు. "అయితె ఆడికే పొండ్రి. పది గంటలకు బస్సుంది. జల్దీ పోతె సీటు దొరుకుతది" అంది, ఏ కోపమూ లేకుండా.

మా వెనక క్వార్టరు ఆయన గనిలో ముందస్తు రిటైర్మెంటు తీసుకోవాలా అని అడగడానికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వారం రోజులుగా మోకాళ్ళ మీద ఉన్నానని ఆయన చెప్పాడు. ఇంట్లో భార్య ఏమంటుందని ఈమె అడిగింది. ఆయన కాస్త తడబడి, ఆమెకింకా చెప్పలేదు, ముందు దేవుణ్ణి అడుగుదామని ఆగానన్నాడు.

"పొయ్యి కాడ కూసున్నామెను అడగనీకె నీకు నోరు రాలే. కనపడని ఆయనను ఏ నోటితోని అడుగుతున్నవ్ నాయనా?"

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి తల గోక్కున్నాడు. "పోయి ఇంటామెను అడిగి రా. అప్పుడు ముగ్గురం కూసొని ఆయన్ని అడుగుదాం" అని పంపేసింది.

ఆమె ప్రార్థన చిన్నగా ఉండేది. మిగతావాళ్ళు పది నిమిషాలు ఏడ్చి చెప్పేదాన్ని ఆమె నాలుగు మాటల్లో ముగించేది. చివర ఎప్పుడూ ఒకటే: "నీకు తెల్సు తండ్రీ, మాకు తెల్వది. తెల్పినంక మమ్ముల భయపడనియ్యకు." చిన్నప్పుడు ఇది నాకు అర్థమయ్యేది కాదు. దేవుడు చెప్పాక ఇంకా భయం దేనికి అనుకునేదాన్ని.

నా డిగ్రీ అయిపోయిన ఏడాది ఖమ్మంలో బీఎడ్ సీటు వచ్చింది. జనవరిలో క్లాసులు. డిసెంబరు మొదట్లో మా చర్చిలో మూడు రోజులు సభలు జరిగాయి. పాటలు పాడే కాయిర్ అమ్మాయిలం పదకొండు మందిమీ తెల్లచీరలు కట్టుకున్నాం. వాక్యం చదివే వంతు నాకు పడింది. ప్రార్థనమ్మ ముందు వరసలో కూర్చుని గొడుగు మొనతో నేల తడుతూ ఉంది కాబట్టి ఆ రోజు నేను గట్టిగానే చదివాను.

మరుసటి ఆదివారం పాస్టరుగారితో కలిసి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. భద్రాచలం దారిలో గోదావరికి ఇవతల వాళ్ళ ఊరు. కొడుకు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆమె మూడు రోజులు ఉపవాసం ఉండి కొడుకు పెళ్ళి గురించి అడిగితే, తెల్లచీర కట్టుకుని వాక్యం చదివే పిల్ల కళ్ళ ముందుకు వచ్చిందట. ఆ తర్వాత మా సభలకు వచ్చి, చర్చిలో అడుగు పెట్టేసరికి నేను చదువుతున్నానట. "మాకేం వద్దన్నా. దేవుడే చూపించిండు. పిల్లనియ్యండి చాలు" అంది మా నాన్నతో, చేతులు పట్టుకుని. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమల దినాలు మొదలైతే మా వాళ్ళలో పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి ఆలోపే ముహూర్తం అనుకున్నారు. కొత్త సంవత్సరానికి మాట చెప్పమన్నారు. చదువు సంగతి అమ్మ అడిగితే, కోడలు ఉద్యోగం చెయ్యాల్సిన అవసరం తమకు లేదంది ఆవిడ, అదొక వరంలాగా.

నాన్న మంచివాడు. గనిలో ఫిట్టరు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఆ గుణమే నాకూ వచ్చింది. "దేవుడు చూపించిండంటుంటే కాదనడానికి మనమెవరం?" అని కూర్చున్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. అబ్బాయి మంచివాడే అని అందరూ అంటున్నారు. అడిగేది దేవుడు. ఇక నేను ఏమని చెప్పాలి? ఆ వారం నా డైరీలో రోజూ ఒకే వాక్యం ఉంది: "నీ చిత్తమేదో చెప్పు." చెప్పాలని నాకున్న మాట ఒకటుంది. దాన్ని డైరీలో కూడా రాయలేదు.

అప్పుడు నాకు పాత నిబంధనలోని ఒక కథ గుర్తొచ్చింది. యుద్ధానికి వెళ్ళాల్సిన ఒక ఆయన దేవుణ్ణి గుర్తు అడుగుతాడు. కళ్ళంలో గొర్రె బొచ్చు పరుస్తాడు. తెల్లారేసరికి బొచ్చు మాత్రమే మంచుకు తడిసి, చుట్టూ నేల పొడిగా ఉంటే నీ మాట నిజమని నమ్ముతానంటాడు. అలాగే అవుతుంది. మా ఇంట్లో గొర్రె బొచ్చు ఎక్కడిది? నాన్న మొదటి షిఫ్టుకు కట్టుకువెళ్ళే ఎర్ర ఉన్ని మఫ్లర్ ఉంది. పొద్దు కుంకాక దాన్ని తీసుకెళ్ళి వెనక దొడ్లో వేపచెట్టు పక్కన నేల మీద పరిచాను. మఫ్లర్ తడిసి నేల పొడిగా ఉంటే పెళ్ళి. లేకపోతే లేదు.

మణుగూరు అడవిలో డిసెంబరు మంచు ఎలా కురుస్తుందో అక్కడ పుట్టిన నాకు తెలియకపోలేదు. తెల్లవారి వెళ్ళి చూస్తే మఫ్లర్ పిండితే గ్లాసెడు నీళ్ళు వచ్చేలా ఉంది. మరి నేల? మోకాళ్ళ మీద కూర్చుని అరచేతితో తడిమాను. చెట్టు కింద ఒకవైపు పొడి. ఇంకోవైపు చెమ్మ. చెమ్మ అంటే తడా కాదా? ఎంత తడిస్తే తడి? నేను అలా నేల తడుముతుండగానే లోపల నుంచి నాన్న గొంతు వినిపించింది, "నా మఫ్లర్ ఏదే?" అని. అమ్మ బీరువా వెతుకుతోంది. నేను దాన్ని దండెం మీద చీరల వెనకకు వేసి నిలబడ్డాను. నాన్న ఆ చలిలో చెవులకు తువ్వాలు చుట్టుకుని షిఫ్టుకు వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తుమ్ములు మొదలయ్యాయి.

ఆ పొద్దున్నే ప్రార్థనమ్మ వచ్చింది. చెప్పులు తిప్పి పెట్టి, నీళ్ళు తాగి, దొడ్లోకి వచ్చి దండెం కింద ఆగింది. మఫ్లర్ చివర నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి.

"చలికాలంల ఉన్నిబట్ట పిండినోళ్ళెవరే?"

నాకు అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పడం అంతకన్నా రాదు. నసుగుతూ మొత్తం చెప్పాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి బట్టలుతికే బండ మీద కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆపింది.

"ఇటు రా. ఆ కథల ఆయనకు దేవుడు ముందే చెప్పిండా లేదా, యుద్ధానికి పొమ్మని?"

చెప్పాడన్నాను.

"చెప్పినంక భయమై, మళ్ళ అడిగిండు. మరి నీకు ముందేం చెప్పిండు?"

నాకేమీ చెప్పలేదన్నాను.

"చెప్పని మాటకు గుర్తెందుకు బిడ్డా?" అని, ఇంకా తేరుకోని నా ముఖం కాసేపు చూసింది. "ఆ ఇంట్ల నీళ్ళు తాగినవా?"

లేదన్నాను. వాళ్ళే మా ఇంటికి వచ్చారు. మా వాళ్ళలో పిల్ల అలా ముందుగా వెళ్ళడం ఎక్కడుంది? అమ్మ కూడా అదే అంది, పెళ్ళి కాకముందే ఆడపిల్లను ఆ ఇంటి గుమ్మం ఎక్కిస్తే నలుగురూ ఏమంటారని. ప్రార్థనమ్మ గొడుగు చంకలో పెట్టుకుంది. తనకు ఆ ఊళ్ళో పనుందని, తోడుగా పిల్లను తీసుకుపోతానని, దారిలో ఆ ఇంటి ముందు దాహమవుతుందని చెప్పింది. "అవద్ధం కాదు. బస్సు దిగి నడిస్తె దాహమైతది" అంది. అమ్మ నా జడ విప్పి మళ్ళీ వేసింది.

ఆ ఇల్లు చక్కగా ఉంది. అది చెప్పాలి. ముందు బంతిపూలు, అలికిన అరుగు, గోడకు వాక్యాల క్యాలెండరు. ఆవిడ మమ్మల్ని చూసి కంగారుపడ్డా ప్రేమగానే పిలిచింది. ఆ రోజు సెలవు కాబోలు, అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడు. తల్లి కేకేస్తే రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చాడు. ముందు ప్రార్థనమ్మకు, తర్వాత నాకు. నేల వైపు చూస్తూ ఇచ్చాడు.

ఆవిడ ఉపవాసం సంగతి, తెల్లచీర సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ప్రార్థనమ్మ తాగకుండా గ్లాసు ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా విన్నది. అయ్యాక అబ్బాయి వైపు తిరిగింది.

"నీకేం చెప్పిండు నాయనా, దేవుడు?"

అతను తల్లిని చూశాడు. "అమ్మకు చెప్పిండు గద."

"అవ్, అమ్మకు చెప్పిండు. నీకు?"

"నన్నెవరూ అడగలే అమ్మమ్మా" అన్నాడతను, నేను హాజరు పలికే గొంతుతో.

అప్పుడామె నా వైపు తిరిగింది. తిరుగుతుందని నాకు తెలుసు. గ్లాసు అంచు నా పళ్ళకు తగులుతోంది. నాకు బదులు ఆమె మాట్లాడుతుందని బస్సులో అంతసేపూ ఆశపడ్డాను. నీకేం చెప్పాడు బిడ్డా అని నన్నూ అడిగింది. నేనేదో గొణిగాను. గొడుగు మొన నేల మీద తట్టింది.

"గట్టిగ చెప్పు. దేవునికి కాదు, మాకు వినపడాలె."

"నాకేం చెప్పలేదు" అన్నాను. ఆ తర్వాతి మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. "నాకు చదువుకోవాలని ఉంది. ఈ పెండ్లి నాకొద్దు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆమెది కపటం కాదు. మూడు రోజులు నిజంగా తిండి మానేసిన మనిషి. ఆమె మెల్లగా, నా మంచి కోరుతున్నట్టే అంది, దేవుడు చూపించినదాన్ని కాదంటే మంచిది కాదమ్మా, రేపు నీకేమైనా జరిగితే...

"ఆ మాట అనకు చెల్లె. నేనన్న ఒకసారి."

ప్రార్థనమ్మ గొంతులో ఎప్పుడూ ఉండే హాస్యం లేదు. గ్లాసు కింద పెట్టింది. ఆవిడతో చెప్పింది, నాతో కాదు. చాలా ఏళ్ళ కిందట తన చెల్లెలి కూతురికి ఒక సంబంధం వచ్చిందట. పిల్లకు ఇష్టం లేదట. ఈమె ప్రార్థన చేసి, దేవుడు నాకు చూపించాడు, చేసుకో అందట. కాదంటే ఏమవుతుందో కూడా చెప్పిందట.

"అతను మంచోడు కాకపాయె. మూడేండ్లు ఆ పిల్ల మాకెవ్వరికి చెప్పలే. ఎందుకు చెప్పలేదే అంటె, దేవుని మాట గద పెద్దమ్మా, ఎట్ల కాదంట అన్నది. దేవుని మాట కాదది చెల్లె. నాకు ఆ సంబంధం నచ్చింది, అంతె. ఇప్పుడు తన తమ్ముని కాడ ఉంటది. నెలకోసారి పోత. నీళ్ళిస్తది. ఎన్నడు ఇయ్యనని అనలే. ఇచ్చేటప్పుడు నా మొకం చూడది."

ఆమె అందరి ఇళ్ళలోనూ గ్లాసు పట్టుకుని ముఖాల వైపు ఎందుకు చూసేదో నాకప్పుడు తెలిసింది.

ఆవిడ లేచింది. ప్రార్థనమ్మ కింద పెట్టిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "టీ పెడత, కూసోండ్రి" అంది. కళ్ళు తడిగా ఉన్నాయి కానీ ముఖం చూసే ఇచ్చింది. ప్రార్థనమ్మ ఆ నీళ్ళు మొత్తం తాగింది. అబ్బాయి మమ్మల్ని బస్సు దాకా దిగబెట్టాడు. గొడుగు తను పట్టుకున్నాడు. బస్సు వచ్చినప్పుడు నా వైపు కాకుండా టైర్ల వైపు చూస్తూ "థాంక్సండి" అన్నాడు. మరుసటి ఏడాది అతని పెళ్ళి కార్డు మా ఇంటికి వచ్చింది. ఈసారి పిల్లను అడిగే చేసుకున్నాడని విన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన టేకు చెట్లు వెనక్కి పోతుంటే నాకు కొత్త భయం పట్టుకుంది. నేను చెప్పింది నా ఇష్టం. అది దేవుని చిత్తమని ఎలా తెలుస్తుంది? అదే అడిగాను.

"నాకు తెల్వది" అంది.

ఇంత దూరం తీసుకొచ్చి ఇదేం జవాబని నాకు దిగులేసింది. ఆమె నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది.

"పోయి సదువుకో. నీకు ముందటికి పోనీకె కాళ్ళిచ్చిండు. నువ్వు తప్పు తొవ్వల పోతె తిప్పుడు ఆయనకొచ్చు. నన్ను తిప్పలేదా? నీ తాన కూసోబెట్టలేదా?"

తర్వాత ఆమె నిద్రపోయింది. మణుగూరు వచ్చేదాకా ఆ చెయ్యి నేను తీసుకోలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ, వాళ్ళేమన్నారని అడిగింది. "వాళ్ళు కాదమ్మా, నేనే అన్న" అన్నాను. అమ్మ నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి అన్నం పెట్టింది. నాన్న తుమ్ముతూ మంచం మీద కూర్చుని ఉన్నాడు. సంగతంతా విన్నాడు. పాస్టరుగారికి తనే చెబుతానన్నాడు. మా నాన్న ఒకరికి కాదని చెప్పడానికి వెళ్ళడం నేను చూడటం అదే మొదటిసారి. చెప్పులు వేసుకుంటూ, "మఫ్లర్ ఆరిందా?" అని అడిగాడు. ఆయనకు ఎప్పుడు తెలిసిందో ఇప్పటికీ నేను అడగలేదు.

జనవరిలో ఖమ్మం హాస్టలుకు బయలుదేరే రోజు ప్రార్థనమ్మ బస్టాండుకు వచ్చింది. నా తల మీద చెయ్యి పెట్టి ఆ నాలుగు మాటలే అంది. తెల్పినంక మమ్ముల భయపడనియ్యకు. మొదటిసారి అది నాకు అర్థమైంది. క్లాసు ముందు మొదటిసారి చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డ రోజూ, జవాబు తెలిసినా నోరు పెగలని ఇంకా ఎన్నో రోజులూ, నేను ఆ మాటే అనుకున్నాను. ఇప్పటికీ వెనక బెంచీ పిల్లలు నా గొంతు వినపడటం లేదంటే, ఎక్కడో గొడుగు మొన నేల మీద తట్టినట్టుంటుంది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒక రోజు ఎస్టీడీ బూత్ నుంచి అమ్మ మా స్కూలుకు ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి ఆమె ఇంటి ముందు జనం నిండిపోయారు. చుట్టుపక్కల గూడేల నుంచి కోయ ఆడవాళ్ళు నడిచి వచ్చి, వాళ్ళ భాషలో ఏదో చెప్పుకుంటూ ఏడుస్తున్నారు. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు దారివైపు తిరిగి ఉన్నాయి. మా వెనక క్వార్టరు ఆయన వాటిని ఎవరూ తొక్కకుండా పక్కన నిలబడ్డాడు. ఆయనతో భార్య కూడా వచ్చింది.

సమాధుల దొడ్డి వాగు ఒడ్డునే ఉంది. మట్టి వేసి పాట పాడాక, బురదలో నడిచి వచ్చిన వాళ్ళందరికీ ఒక మనిషి బిందెలోంచి నీళ్ళు ముంచి ఇస్తోంది. నలభై ఏళ్ళు ఉంటాయి. ఎముకలు తేలిన చేతులు. ముక్కు, నుదురు అచ్చం ప్రార్థనమ్మవే. ఆమె ఎవరో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నా వంతు వచ్చేసరికి పక్కనుంచి ఎవరో నన్ను పలకరిస్తూ, ఫిట్టరుగారమ్మాయి కదా, ఖమ్మంలో టీచరు కదా అన్నారు. గ్లాసు ముంచుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"మఫ్లర్ పిల్లవు నువ్వేనా?"

తలూపాను.

"పెద్దమ్మ చెప్పింది నీ సంగతి. నేల పిసికి చూసినవంట గద, తడో పొడో అని." ఆమె పెదవులు కదిలాయి, ఏడ్చి ఉబ్బిన ముఖంలో నవ్వు అది. "ఆనాడు నాకు నవ్వాగలే. ఎన్నేండ్లయిందో గట్ల నవ్వి. నవ్వుకుంటనే నీళ్ళు ముంచిచ్చిన. చూస్తె ఆమె తాగుతలే, ఏడుస్తుంది. ఏందే పెద్దమ్మా అంటె, నా మొకం చూసిచ్చినవే బిడ్డా అన్నది."

ఆమె బిందెలోంచి గ్లాసు నింపింది. గ్లాసు నా చేతికిచ్చి, నేను తాగేదాకా నా ముఖం చూస్తూ నిలబడింది. నాకప్పుడు దాహం లేదు. అయినా చుక్క మిగలకుండా తాగాను.